ఇంజను మీద ముగ్గు

మొన్న పొద్దున నరసరావుపేటలో మా వాకిట్లో నిలబెట్టిన మోటారుసైకిలు కింద అరచేయంత నూనె మరక కనిపించింది. వారం కిందటే సర్వీసు చేసిన మెకానిక్ వచ్చి చూసి, లోపల సీలు పోయింది, ఇంజను విప్పాల్సిందేనన్నాడు. తొందరపడొద్దని చెప్పి, ఇంజను శుభ్రంగా తుడిచి, కోడలి ముగ్గుడబ్బా అందుకున్నాను. బండికి కూడా ముగ్గేస్తారా మామయ్యా అని ఆ అమ్మాయి ఒకటే నవ్వు. నవ్వదూ మరి, ఆ విద్య నాకు నేర్పినామె సంగతి తనకేం తెలుసు!

కృష్ణానది రేవుల్లో పడవ దాటినవాళ్లు మీలో ఇంకా ఉండే ఉంటారు. గురజాల అవతల మా రేవులో మా మేనమామకు తెరచాప పడవ ఒకటుండేది. గాలి పడిపోయినప్పుడల్లా నడి ఏట్లో జనం ఉసూరుమంటుంటే చూడలేక, చేలో నీళ్లు తోడే ఆయిలింజను తెచ్చి పడవ కడుపులో బిగించి, పరీక్ష తప్పి బలాదూరుగా తిరుగుతున్న నన్ను దానికి డ్రైవరును చేశాడు. ఒళ్లంతా డీజిలు కంపే అయినా నా గర్వం అంతా ఇంతా కాదు.

సరిగ్గా మిరపకోతల ముందు, అవతలి ఒడ్డుకు కూలీలు దాటే రోజుల్లో, ఇంజను నూనె కారడం మొదలెట్టింది. రెండు ట్రిప్పులు తిరిగేసరికి పడవ అడుగున నీళ్ల మీద నూనె తేలేది. ఇంజను చక్రం వెనక తడి చూసి, లోపల నూనె ఆపే క్రాంకు సీలు పోయిందని నలుగురిలో తేల్చి చెప్పేశాను. అంటే ఇంజను పైకి లేపి నరసరావుపేటకు మోయించాలి. మామ అది విని, ఇట్టా అయితే మళ్లీ తెరచాపే దిక్కు, నువ్వు ఇంటికి పోయి గొడ్లు కాసుకో అన్నాడు. దొరక్క దొరక్క దొరికిన ఆ పనీ పోతే ఊళ్లో తలెత్తుకుని తిరిగేదెట్లా?

ఇదంతా వింటూ పడవలో కూర్చుని ఉంది మా ముగ్గు పిన్నమ్మ. ముగ్గురాయి దంచి, గంపకెత్తుకుని, అవతలి ఊళ్లలో అమ్ముకొచ్చే మనిషి. చుట్టం కాదు గానీ వరసకు పిన్ని. కప్పు కారితే తడిసిన నేల తవ్వుతామా ఏంది, పైకి చూస్తాం గానీ అని నన్ను కసురుకుని, ఇంజను పొడిగుడ్డతో తుడిపించి, గంపలోంచి గుప్పెడు ముగ్గు తీసి పైనుంచి కిందిదాకా పల్చగా చల్లింది. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి పోకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇంజను తిప్పిన కాసేపటికి ఆ తెలుపు మీద నల్లటి చార ఒకటి పైమూత అంచున పుట్టి, వెనగ్గా జారి, చక్రం దగ్గరికి దిగింది. సీలుకేమీ కాలేదు.

ఊరట కలగాల్సింది పోయి నాకు చెమటలు పట్టాయి. పది రోజుల కిందట వాల్వులు సరిచేయడానికి ఆ మూత విప్పింది నేనే. మూత కింద వేసే కొత్త ప్యాకింగు కోసం పేట దాకా పోవడానికి బద్ధకించి, చిరిగిన పాతదే పెట్టి బిగించిందీ నేనే. నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ఒడ్డు మీద నుంచి మామ ఏమైందని కేకేస్తే, చానా చిన్న పనేనంట, పైమూత కాడ కారుతోందని బదులిచ్చి, నా వైపు తిరిగి మెల్లగా అంది.

"యాడ కారిందో ముగ్గు చెబుద్ది గానీ, ఎవరు చేశారో చెప్పదులే. ఈసారన్నా సరిగ్గా బిగించు."

ఆ మాటతో నా పని నిలబడింది. ఆ పడవ మీదే పని నేర్చుకుని, తర్వాత ఊరూరా ఆయిలింజన్లు బాగుచేసి పిల్లల్ని చదివించుకున్నాను. ఆ మేలుకు ఆమెకు ఒక్కసారైనా ఒక మాట చెప్పుకున్నానా అంటే లేదు. ఆ వయసులో సిగ్గు అడ్డమొచ్చింది. చెప్పాలనుకునే నాటికి ఆమే లేదు.

మొన్న ముగ్గు చల్లి బండి స్టార్టు చేస్తే, చార పక్కమూత బోల్టు దగ్గర పుట్టింది. మెకానిక్ బిగించడం మరిచిన బోల్టది. పాపం, వీధిలో ఇద్దరు ముగ్గురు చూస్తుండగా అతని మొహం పాలిపోయింది. వంగి, అతనికి మాత్రమే వినపడేలా పిన్నమ్మ మాటే చెప్పాను. ఇప్పుడు ఆ రేవు లేదు, జనం వంతెన మీద బస్సుల్లో దాటిపోతున్నారు, ముగ్గు ప్యాకెట్లలో వస్తోంది. అతను బోల్టు బిగించి, చేతులు తుడుచుకుని, థాంక్స్ బాబాయ్ అన్నాడు. నేను ఇన్నేళ్లూ ఆమెకు బాకీ ఉన్న మాటను, ఏ అర్హతా లేకుండా నేనే పుచ్చుకున్నాను.