ఎవరి చాయ్ తాగితే ఆ జట్టు

మా కాక ఇక లేడు. గురువారం పొద్దున మేముండే లేబర్ క్యాంపు నుంచి సైటుకు వెళ్ళే బస్సులోనే గుండె ఆగిపోయింది. మా నాన్న తమ్ముడు ఆయన, నన్ను దుబాయ్ తీసుకొచ్చినవాడు. నేను ఆయన వెనక సీట్లోనే ఉన్నాను. రోజూ సిగ్నల్ నుంచి సిగ్నల్ దాకా ఒక్క గుక్కలో కబడ్డీ కూత పెట్టి, కునుకు తీసేవాళ్ళ చేత తిట్లు తినే మనిషి, ఆ పొద్దున నోరు మెదపలేదు. "అమ్మయ్య, ఇయ్యాల కాక పండుకున్నడు" అన్నారెవరో. అందరం నవ్వాం. 

ఏసీ డక్టులు బిగించడం ఆయన పని. ప్రాణం మాత్రం కబడ్డీ. వరుసగా రెండు టోర్నమెంట్లు ఒకే జట్టుకు ఆడిన పాపాన పోలేదు. ఇక్కడ కబడ్డీ చూసిన మీలో చాలామంది ఆయన్ని ఏదో ఒక జెర్సీలో చూసే ఉంటారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోదాములో మ్యాట్లు పరిచి ఆడిస్తారు. సెలవు రోజొస్తే చాలు, సంచి భుజానేసుకుని అటు పరుగు. ఎవరి జెర్సీ ఇస్తే అది తొడుక్కునేవాడు, ఆట అయ్యాక ఉతికి తిరిగిచ్చేవాడు. ఆయనకు కట్టుబాటు ఒక్కటే: ఆటకు ముందు ఎవరి చాయ్ తాగితే ఆ జట్టు. తర్వాత ఎంతటివాడు వచ్చి బతిమాలినా "చాయ్ తాగిన, ఖలాస్" అనేవాడు.

కరోనా అప్పుడు క్యాంపు గేట్లు మూసేస్తే ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. మంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ కూతే కూత. "మా మీద ఊదకు కాకా, నీకు పుణ్యముంటది!" అని మొత్తుకుంటే, మాస్కు పెట్టుకుని మరీ కూత పెట్టేవాడు.

మా గదివాళ్ళం కూడా ఒక జట్టు కట్టాం. ఆయన మాత్రం మా చాయ్ ముట్టలేదు. "సొంతోళ్ళతోని ఆడితే అది ఆట కాదురా కొడుకా, సంసారమైతది." పైగా ఒకసారి రోలా జట్టు కుర్రాళ్ళ తరఫున మా మీదికే కూతకు వచ్చి, నా పక్క సందు చూసి దూరి, నా మోకాలు తాకి పోయాడు.

"అన్న కొడుకునని జర సూడొద్దా కాకా?" అన్నాను మంటగా.

"ఖాళీ కనవడితే దూరాలె. మొహమాటపడేటోడు కూతకు రావద్దు."

ఒక్కసారైనా ఈ మనిషి మా వైపు నిలబడాలి. అదే నా పంతం.

కిందటేడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. అయినా సెలవు రోజు సంచి సర్దుకుని, ఫోను చేతిలో పట్టుకుని మంచం చుట్టూ తిరిగేవాడు. చూడలేకపోయాను. ఆ గురువారానికి ముందు ఆదివారం చాయ్ పెట్టి గ్లాసు ఆయన ముందుంచాను.

"జాలితోని పోస్తున్నవారా?"

"జాలి లేదు, గీలి లేదు. మాకు కూతకు పోయేటోడు లేడు. యల్లా, కానియ్, తాగు."

గ్లాసును తిప్పి తిప్పి చూసి, ఒక్క గుక్కలో తాగేశాడు. "చక్కెర తక్కువేసినవ్" అన్నాడు. నా ఆనందం ఏమని చెప్పను! ఆ వచ్చే ఆదివారమే ఆట. మధ్యలో ఆ గురువారం వచ్చింది.

ఆట మానేద్దామన్నారు మావాళ్ళు. నేను ఒప్పుకోలేదు. చాయ్ తాగాడు కదా. ఏడుగురికి బదులు ఆరుగురం దిగాం. ఆయన నిలబడాల్సిన కుడి మూలను ఖాళీగా వదిలాం. మా కొత్త జెర్సీ పెట్టి ఆయన సంచిని బెంచీ మీద ఉంచాం.

ఎదుట రోలా జట్టు. ఎన్ని కూతలు వచ్చినా ఒక్కడూ ఆ మూల వైపు రాలేదు. మర్యాదట! నాకు ఒళ్ళు మండిపోయింది.

"అరే, ఖాళీ కనవడ్తలేదా మీకు? కాక ఉంటే బండబూతులు తిట్టేటోడు! దూరుండ్రి!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను.

ఈసారి వాళ్ళ కెప్టెనే వచ్చాడు. సూటిగా ఆ మూలకు దూరాడు. మీద పడ్డాం కానీ పట్టు దొరకలేదు. అక్కడి మ్యాట్‌ను అరచేత్తో తాకి, వెనక్కి ఉరికి మధ్య గీత దాటాడు. పాయింటు వాళ్ళకే.

గీత దాటాక కూత ఆపేయవచ్చు. అతను ఆపలేదు. కబడ్డీ కబడ్డీ అంటూనే మ్యాట్ దిగి, బెంచీ దాకా నడిచి, ఆ సంచి ముందు నిలబడి, ఊపిరి అయిపోయేదాకా అంటూనే ఉన్నాడు.