సత్యం బావకి ఏ పాట ఇష్టం?

నిన్న పొద్దున్న ఫోన్ మోగితే సత్యం బావ పాట పంపాడనుకున్నాను.

శుక్రవారం కదా.

చూస్తే మెసేజ్ కాదు, కాల్. గరివిడి నుంచి రమణక్క, బావ భార్య. "ఒరే, మీ బావ లేవట్లేదురా" అంది.

నైట్ షిఫ్ట్ చేసొచ్చుంటాడు, పడుకోనీ అక్కా అన్నాను.

హార్ట్ ఎటాక్ అట. నిద్దట్లోనే. యాభై కూడా నిండలేదు.

నాకింకా బుర్రకెక్కట్లేదు.

తెలీనోళ్ళ కోసం. సత్యం బావ మా మేనత్త కొడుకు. గరివిడిలో ప్లాంట్‌లో పని. పాడ్డం రాదు, వాయించడం రాదు. పిచ్చల్లా ఒకటే, కొత్త పాటలు వెతకడం.

సినిమా పాటలు కావు. వెనకాల ఏ కంపెనీ లేకుండా సొంతంగా గదిలో రికార్డ్ చేసి నెట్‌లో పెట్టుకుంటారే, ఆ పిల్లల పాటలు. ర్యాప్, మెటల్, జాజ్, ఒడియా, మలయాళం, ఏదైనా సరే. అలాంటివి ఎక్కువగా శుక్రవారమే రిలీజవుతాయి. ఆ రోజు ఈయనకి పండగే.

"మనమైనా ఇనకపోతే ఆ కుర్రోడు పాడ్డం మానేస్తాడ్రా" అనేవోడు.

ఓసారి విజయనగరం నుంచి షేర్ ఆటోలో వస్తున్నాం. డ్రైవర్‌ని బతిమాలి స్పీకర్‌కి తన బ్లూటూత్ కలిపాడు. మెటల్ పాట. షిల్లాంగ్ వైపు కుర్రోళ్ళట, ఒకటే అరుపులు. పక్కన మామ్మ కూరల బుట్ట గట్టిగా పట్టుకుని "ఏటి నాయనా, ఎవుల్నో సంపేత్తన్నారా?" అంది.

"లేదు మామ్మా, పాడతన్నారు" అన్నాడు బావ, సీరియస్‌గా.

మామ్మ కాసేపు విని, "అయితే ఆళ్ళకి కాసిన్ని మంచినీళ్ళియ్యండ్రా" అంది.

ఆటో అంతా ఒకటే నవ్వు. బావ ఆ మాట ఇంగ్లీషులో టైప్ చేసి ఆ బ్యాండ్‌కి పంపేశాడు. మామ్మకి థాంక్స్ చెప్పమని రిప్లై కూడా వచ్చింది. ఆ మామ్మని ఇప్పుడెక్కడ వెతకమంటావురా అని రెండ్రోజులు నా ప్రాణం తీశాడు.

నిన్న మధ్యాహ్నం నేను గరివిడి చేరేసరికి ఇంటి నిండా జనం. ఫ్రీజర్ బాక్స్ పక్కన ఎవరో స్పీకర్‌లో గీత పెట్టారు. రమణక్క ఆపించేసింది.

"ఆయనకి ఇష్టమైన పాట పెట్టురా. నీకు తెలుస్తాది కదా" అంది నాతో.

తెలుసనే అనుకున్నాను. గజల్స్. నాకెప్పుడూ అవే పంపేవోడు.

"గజలేటి బాబూ, సత్యానికి మెటల్ అంటే ప్రాణం" అన్నారు ప్లాంట్ ఫ్రెండ్ ఒకాయన. "కాదు మావయ్యా, ర్యాప్" అన్నాడు మా మేనల్లుడు. రామతీర్థం నుంచొచ్చిన పంతులు గారు వయొలిన్ అన్నారు.

అందరం ఫోన్లు తీసి చూసుకున్నాం. ఒక్కొక్కరికి ఒక్కో రకం. ఎవరికేది పడతాదో వాళ్ళకది పంపాడు. తనకేది ఇష్టమో ఒక్కడికీ చెప్పలేదు.

ఇదేటి మనిషి అసలు? బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఎరుగుదును, ఆయనకి ఇష్టమైన పాట ఒక్కటి చెప్పమంటే నాకు తెలీట్లేదు. కోపం కూడా వచ్చింది, ఒట్టు.

"నీకేం పంపేవోడక్కా?" అన్నాను.

"నాకెందుకు పంపుతాడు? నేను వంట సేసుకుంటంటే పక్కన నిలబడి పెట్టేవోడు. బాగోకపోతే ఆపీమనేదాన్ని. నేను ఆపమననివే మీకు పంపేవోడు."

ఇన్నాళ్ళూ మాకొచ్చినవన్నీ రమణక్క వంటింట్లోంచి పాసై వచ్చినవా!

"మెటల్ కూడానా అక్కా?"

"పోపేసినప్పుడు బాగానే ఉంటాదిరా" అంది. అని ఏడ్చేసింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఈయాల శుక్రవారం కదా. కొత్తదేదో పెట్టు" అంది.

ఎక్కడ వెతకాలో తెలీలేదు. ఆయన ఎలా పట్టేవోడో ఏటో. చివరికి ఎవరో అమ్మాయి పాట దొరికింది, ఆ పొద్దున్నే పెట్టింది. గిటార్ ఒక్కటే. ఏ భాషో అర్థం కాలేదు. బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

అక్క బావ మొహంలోకి చూస్తూ వింది.

ఆపమనలేదు.

ఉంటాం బావా. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.