నిమ్మకాయలు తొక్కించిన కారు

ఆ రోజుల్లో ఒహాయోలో చదువుకునే మావాళ్ళకి కారు కొనడమంటే రంగు చూడడం, హీటర్ చూడడం, పాటలు పెట్టి చూడడం. వంగి కింద చూసే అలవాటు మా వంశాల్లోనే లేదు. అక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారనీ, ఆ ఉప్పు కారు అడుగును చెదపురుగులా తినేస్తుందనీ మా గుంపులో ఏ మేధావికీ తెలియదు. మేధావుల్లో మొదటివాణ్ణి నేనే. ఎమ్మెస్ అవగానే పక్క ఊళ్ళో ఉద్యోగం దొరికింది. అక్కడికి బస్సు లేదు, సోమవారం చేరకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. సరిగ్గా అప్పుడే మా సీనియర్ జ్ఞానన్న (అడక్కుండా జ్ఞానం పంచేవాడు కనుక ఆ పేరు) తన కారు నాకు అంటగట్టాడు. "చలికాలంల కార్ వాష్ చేయించకు తమ్మీ, పైసల్ దండగ. మళ్ళా మంచు పడనే పడ్తది" అని ఉచిత సలహా కూడా పారేశాడు. అన్నతో బేరమాడితే బాగుండదని ఉన్నదంతా ఆయన చేతిలో పోశాను. ఇన్సూరెన్స్ చూసి కళ్ళు తిరిగినా, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా అని అదీ కట్టాను.

శనివారం గుడికి తీసుకెళ్ళి వాహన పూజ. మా రూమ్మేట్ కారుని అద్దంలా తుడిచి పసుపు, కుంకుమ పెట్టాడు (పైపైనే లెండి). పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పోనివ్వమన్నారు. పోనిచ్చాను. నిమ్మకాయలు చితికాయి, ఆ కాస్త కుదుపుకే సైలెన్సర్ గొట్టం దభీమని ఊడి పడింది. పులిహోర తింటున్న ఆంటీలు తినడం ఆపేశారు. పంతులుగారు మాత్రం తొణక్కుండా, "మంచిదే నాయనా, దిష్టంతా రాలిపోయింది" అన్నారు. నేను నమ్మాను కూడా! గ్యారేజీలో కారుని పైకెత్తి చూస్తే అడుగంతా తుప్పు, డ్రైవర్ కాళ్ళ కింద అరచేయంత కంత. పైన పటారం, లోన లొటారం. బాగుచేయిస్తే కారు ఖరీదు కన్నా ఎక్కువవుతుందట. జ్ఞానన్నకి ఫోన్ చేస్తే, "నా దగ్గరున్నప్పుడు మంచిగనే ఉండె తమ్మీ. నిన్నెవడు నిమ్మకాయలు తొక్కించమన్నడు?" అన్నాడు. ఆ మనిషి జ్ఞానానికి అప్పుడు దణ్ణం పెట్టాను.

ఇక గతిలేక, ఇంకా మొహమైనా చూడని మేనేజరమ్మకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పగలబడి నవ్వి, మీ వీధి మీదుగానే వస్తాను, ఎక్కమంది. ఉద్యోగం నిలిచింది. కానీ ఆ చలికాలమంతా బాసు పక్కన కూర్చుని ఆఫీసుకి వెళ్ళినవాడికి ఒక్కరోజు జ్వరం వంక పెట్టే యోగమైనా ఉంటుందా? పైగా ఆవిడ వారం వారం కారు అడుగు కడిగిస్తూ ఉంటే, ఎంత దండగమారి మనిషో అని లోలోపల జాలిపడేవాణ్ణి. బుద్ధి అంత త్వరగా వస్తుందా!

మొన్న ఇక్కడ టెక్సస్ ఫ్రిస్కోలో, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి పాత కారు చూడ్డానికి తోడు రమ్మంది. వెళ్ళీ వెళ్ళగానే ఇస్త్రీ ప్యాంటుతో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాను. "అంకుల్, ఇక్కడ స్నో పడదు కదా, అంత చెక్ చేయక్కర్లేదు. లేవండి ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అంది పాపం. లేద్దామంటే నడుం పట్టేసింది. అక్కడే పడుకుని నవ్వుకున్నాను. నాకు ఇరవై మూడేళ్ళున్నప్పుడు ఒక్కసారి వంగి చూస్తే సరిపోయేది. అప్పుడు నడుం హాయిగా వంగేది కూడా.