గాలికి ఎదురుగా ముగ్గురం

పోయిన వారం ఆత్మకూరు నుంచి మర్రిపాడుకు బస్సులో పోతుంటే, పడమటి గాలికి ఎదురు తొక్కలేక తలలు వంచుకుని, ఒకరి వెనక ఒకరుగా సైకిళ్ళ మీద పోతున్న బడిపిల్లలు కనిపించారు. ముందున్న పిల్ల అలిసి పక్కకు తప్పుకుంటే వెనకాల పిల్ల ముందుకొచ్చింది. వాళ్ళకది ఎవరూ నేర్పి ఉండరు. బస్సు వాళ్ళను దాటిపోయినా మెడ తిప్పి వాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

నేను పుట్టి పెరిగింది వరికుంటపాడు దగ్గర ఒక పల్లెలో. నాయన బడిపంతులు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఉదయగిరి హైస్కూలుకు రోజూ సైకిలు మీద పోయివచ్చే నన్ను డ్రిల్లు మాస్టారు నెల్లూరులో సైకిలు పోటీలకు తీసుకుపోవడం, అక్కడి నుంచి హైదరాబాదులో స్పోర్ట్స్ హాస్టలు, తరువాత ఢిల్లీలో క్యాంపు, చివరికి పరాయి దేశంలో జరిగిన ఆసియా పోటీలకు మన దేశం తరఫున పోవడం, ఇదంతా నేను నమ్మేలోపే జరిగిపోయింది.

మాది జట్టుగా తొక్కే పందెం. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు జట్టుకు ముగ్గురు. ట్రాకుకు ఈ పక్క మేము, సరిగ్గా ఎదుటి పక్క అవతలి జట్టు, ఒకేసారి బయలుదేరాలి. ముందున్న మనిషి గాలిని కోస్తుంటే వెనకవాళ్ళకు కాస్త ఊపిరాడుతుంది. తన వంతు అయ్యాక ఆమె ఏటవాలు ట్రాకు పైకి తప్పుకుని, మిగతా ఇద్దరినీ పోనిచ్చి, చివర తగులుకోవాలి. గడియారం ఆగేది మూడో సైకిలు గీత దాటినప్పుడే, కాబట్టి ఒకరు వెనకబడితే ముగ్గురూ వెనకబడినట్టే.

మూడో స్థానానికి పోటీ పడే రోజు పొద్దున ఇంటికి ఫోను చేస్తే అవ్వ తీసుకుంది. "బ్రేకులు లేని సైకిలంట కదే, మీ నాయన చెప్పినాడు. ఎట్టా ఆగతావే పిచ్చిదానా?" అంది. ఎట్టా ఆగాలన్నది కాదు నా బెంగ, మధ్యలో ఆగిపోతానేమోనని. ఆ మాట అవ్వతో అనలేక, ప్రార్థన చెయ్యమని చెప్పి పెట్టేశాను.

మా ముగ్గురిలో బలం తక్కువదాన్ని నేనే. పంజాబు పిల్ల మహా దూకుడు, మణిపూరు అక్క అందరికన్నా పెద్దది. సాధనలో నా కాళ్ళు పట్టేయడం చూసి, నా బదులు ఇంకొకరిని దింపుదామా అని కోచ్ తటపటాయిస్తుంటే, "ఈ పిల్లే ఉంటుంది" అని అక్క హిందీలో తెగేసి చెప్పింది. అప్పటి నుంచి నాకు భయం రెండింతలయింది.

పందెం మొదలయ్యాక సగం దాకా బాగానే పోయాం. గీత పక్కన నిలబడ్డ కోచ్, మేము ఆధిక్యంలో ఉన్నామని చెప్పడానికి ఒక్కో చుట్టుకూ కొంచెం కొంచెం ముందుకు జరుగుతున్నాడు. ఆఖరి చుట్లలో నా వంతు ముగించి పైకి తప్పుకుని, కిందికి దిగి అక్క వెనక చక్రం అందుకోబోతే, ఆ చక్రం అక్కడ లేదు. ముందుకొచ్చిన పంజాబు పిల్ల అప్పటికే వేగం పెంచింది, అక్క ఆమెను అంటుకునే పోయింది. నాకూ అక్కకూ మధ్య రెండు బారల ఖాళీ పడి, ఆ ఖాళీలోని గాలంతా నా రొమ్ము మీదికే వచ్చి కొట్టింది. తొడలు మండుతున్నాయి, నోట్లో తడి లేదు. వెనకబడితే ఇంగ్లీషులో అరవాలని క్యాంపులో మాకు నేర్పిన మాట ఒకటి ఉంది, అది ఎంతకీ గుర్తుకు రాలేదు. "అక్కా, నిదానం! నిదానం అక్కా!" అని తెలుగులో గొంతు చించుకున్నాను.

అక్కకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా వెంటనే తన భాషలో ముందుకు ఏదో కేకేసింది. పంజాబు పిల్ల కాళ్ళు రవ్వంత సడలించడం, నేను పళ్ళు బిగబట్టి అక్క చక్రాన్ని అందుకోవడం, కోచ్ వెనక్కి వెనక్కి జరగడం, అన్నీ ఒకేసారి కళ్ళబడ్డాయి. ముగ్గురం కలిసే గీత దాటాం. తలెత్తి బోర్డు చూస్తే కంటిరెప్ప పాటు తేడాతో పతకం పోయింది.

పంజాబు పిల్ల హెల్మెట్ తీసి నేలకేసి కొట్టి ఏడ్చింది. సాయంత్రం దాకా నా ముఖం చూడలేదు. భోజనాల దగ్గర మాత్రం తన పళ్ళెం తెచ్చుకుని నా పక్కన కూర్చుని, "నిదానం అంటే ఏంటి?" అని అడిగింది. చెప్పాను. రెండు మూడు సార్లు పలికి చూసుకుని, "నువ్వు ఇంకొంచెం ముందే అరవాల్సింది" అంది. అక్క తన అరటిపండు నా పళ్ళెంలో పెట్టింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఇప్పుడు ఆడవాళ్ళకూ జట్టుకు నలుగురు, దూరం కూడా పెరిగింది. నలుగురిలో ముగ్గురు గీత దాటితే చాలు, శక్తి అయిపోయిన పిల్ల తన వంతు తొక్కి పక్కకు తప్పుకోవచ్చు. మంచి పద్ధతే, ఇప్పటి వేగం మేము కలలో కూడా ఎరగం. అయినా టీవీలో ఆ పందెం వచ్చినప్పుడు, దూసుకుపోయే ముగ్గురినీ వదిలేసి నా కళ్ళు ఆ నాలుగో పిల్ల వెంటే పోతాయి. ఏటవాలు మీద ఒంటరిగా, రొప్పుకుంటూ, ఎవరినీ పిలవాల్సిన అవసరం లేకుండా ఆమె నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది.