కొసరు కుండ

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. రాయగడ బజారులో కిరాణా కొట్టు వెనక గదిలో పుట్టి, గల్లాపెట్టె పక్కనే పెరిగినదాన్ని. తక్కెడలో పడని సరుకు మా వాళ్లు కొనరు, అమ్మరు. ఫలానా చెట్టు మీద దెయ్యం ఉందని ఎవరైనా చెబితే, అద్దె ఎంత కడుతోందని అడిగే రకం నేను. అలాంటిదాన్ని ఈ సంగతి రాస్తున్నానంటే, ఎంత బేరమాడినా ఇది నా దగ్గర ఒక్క పిసరు తగ్గలేదు గనక.

డెబ్బైల్లో మాట. మా ఆయనది రైల్వేలో ఉద్యోగం. మేం సొంత ఇల్లు మొదలుపెట్టేనాటికి మా వీధిలో అందరూ కొత్తగా కాంక్రీటు శ్లాబులు వేయిస్తున్నారు. చూడ్డానికి దర్జాగానే ఉండేవి. వేసవి మధ్యాహ్నం లోపలికి వెళితే మాత్రం కాలిన పెనం కింద కూర్చున్నట్టుండేది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పేది, అదీ కరెంటు ఉంటే.

మా నాన్న కొట్లో బెల్లం గది కప్పు మీద ఖాళీ కుండలు బోర్లించి, పైన సున్నం వేయించాడు. ఎండలకి ఊరందరి బెల్లం కారిపోయినా మాది గట్టిగా ఉండేది. కుండలో చిక్కుకున్న గాలి ఎండ వేడిని కిందికి దిగనివ్వదు. బెల్లానికి పనికొచ్చింది మొగుడికి పనికిరాదా అనుకున్నాను. మా మేస్త్రి అప్పన్నతో శ్లాబు మీద కుండలు పరవాలన్నాను.

"ఏటమ్మగోరూ, ఇల్లు కడతన్నామా, కుండల కొట్టు కడతన్నామా?" అన్నాడు అప్పన్న. కూలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను. కుండలు తెస్తానన్నాను.

లక్ష్మీపూర్ సంతకి వెళ్లాను. మంచి కుండలు నాకెందుకు? బీటలు తీసినవి, వంకర పోయినవి, ఎవరూ కొననివి ఏరించాను. నీళ్లు పోసుకోవడానికి కాదు గదా. అమ్మే ముసలామె తెలుగూ, అక్కడి కొండ ఊళ్ల దేశియా భాషా కలిపి మాట్లాడుతుంది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా బేరమాడి బండెడు కుండలు తీసుకున్నాను. తీసుకుని, అలవాటు ఊరుకోదు గనక, కొసరు అడిగాను.

ముసలామె వెనక నుంచి ఒక కుండ తీసి నా చేతిలో పెట్టింది. దానికి అడుగు లేదు.

"ఇదేం కొసరు? అడుగే లేదు!"

"గాలికే గదా కొన్నావు. గాలికి అడుగెందుకే అమ్మీ?"

సంతలో నా నోరు మూయించింది ఆమె ఒక్కతే. కొసరు వదులుకోవడం మా వంశంలో లేదు. తెచ్చాను. దాన్ని ఏం చేయాలో తోచక, వెనక గది శ్లాబులో రంధ్రం వదిలించి, అందులో నిలబెట్టించాను. గోడల అడుగున జాలీలు పెట్టించాను. వేడిగాలి పైన కుండలోంచి పోతుంది, కింద జాలీల్లోంచి చల్లగాలి వస్తుంది.

వేసవి వచ్చింది. వీధిలో ఆడవాళ్లు పప్పు బాగుచేసుకోవాలని, జడ వేసుకోవాలని ఏదో ఒక వంకతో మా వెనక గదిలో చేరేవారు. అప్పన్న కూడా పక్క వీధి వాళ్లకి మా కప్పు చూపించి, ఆలోచన తనదేనన్నాడు. నేను కాదనలేదు. మరో ఇంటికి కుండలు నేనే బేరమాడి పెట్టాను.

మరుసటి ఏడాది మా చెల్లెలు పురిటికి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ కూడా వచ్చింది. వస్తూనే, చెల్లెలికి మంచం వేసిన వెనక గది కప్పుకేసి చూసింది.

"ఇంటి నెత్తిన బొక్కేటే అమ్మీ? పచ్చి బాలింతరాలు పడుకునే గది. గాలి సొరబడితే సన్ని కొట్టేస్తాది."

"అది ఇంటికి ముక్కమ్మా."

"ముక్కూ లేదు, మూతీ లేదు. ముయ్యించు."

మా అమ్మ దగ్గర నా బేరాలు చెల్లవు. అప్పన్న నిచ్చెన తెచ్చి, కుండ మూతి మీద బండరాయి పెట్టి, చుట్టూ సున్నం మెత్తి, నిచ్చెన తీసుకుపోయాడు. మా డాబాకి మెట్లు లేవు. పురుడు వచ్చేనాటికి ఆ సున్నం రాయిలా గట్టిపడింది. ఆడపిల్ల పుట్టింది.

తర్వాత ముసురు పట్టింది. అమ్మ జాలీల్లో గుడ్డలు కుక్కి, కిటికీ బిగించి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. బాలింత గది అలాగే ఉండాలి, మా అందరి పురుళ్లూ అలాగే జరిగాయి. ఆ ఉదయం గది ఊడుస్తూ కప్పుకేసి చూశాను. కుండ లోపల నల్లగా ఉంది. మూత ఉంది. ఇది గట్టిగా చెబుతున్నాను.

భోజనాలయ్యాక వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పిల్ల ఏడుపు మొదలైంది. మామూలుగా అయితే అమ్మ వెంటనే జోకొడుతుంది. ఏడుపు ఆగలేదు, జోకొట్టే చప్పుడూ లేదు. వెళ్లి తలుపు తోశాను.

అమ్మ గోడకి చేరగిలబడి ఉంది. పిలిస్తే పలకలేదు. మంచం మీద చెల్లెలి తల పక్కకి వాలిపోయి ఉంది. గది మధ్యలో పాత చీర మడత మీద పిల్ల ఒక్కతే కాళ్లు తన్నుకుంటూ గుక్కపెట్టి ఏడుస్తోంది. ముఖమంతా తడి. చూస్తుండగానే ఇంకో చినుకు దాని బుగ్గ మీద పడింది.

తల ఎత్తాను. కుండలోంచి ఆకాశం కనిపిస్తోంది.

ఇద్దర్నీ రెక్కలు పట్టి వరండాలోకి ఈడ్చాను, పిల్లని తెచ్చాను, అరిచాను. ఇరుగుపొరుగు వచ్చారు. ఇద్దరూ కక్కుకుని, కళ్లు తెరిచారు. బొగ్గుల నుంచి రంగూ వాసనా లేని విషగాలి వస్తుందని డాక్టరు చెప్పాడు. పైన ఆ కన్నం లేకపోతే పిల్ల ఏడ్చేదే కాదన్నాడు.

సాయంత్రం అప్పన్న నిచ్చెన వేసి ఎక్కాడు. నేనూ ఎక్కాను. బండరాయి పిట్టగోడకి ఆనించి ఉంది. దాని పక్కన సున్నపు చుట్టు, చేతి గాజు తీసి పెట్టినట్టు, ఎక్కడా విరక్కుండా ఉంది.

"కోతులేమో," అన్నాను.

"దీన్ని ఊడదియ్యాలంటే నాకే ఉలీ సుత్తీ కావాల. తీసినా ముక్కలైపోవాల. కోతి గాజులా తీసి పెడతాదా అమ్మగోరూ?" అన్నాడు. మళ్లీ మూయమంటే మూస్తానని మాత్రం అనలేదు. కింద నుంచి మా అమ్మే నీరసంగా అరిచింది. "ముయ్యకండర్రా! తడిస్తే తడిసింది!"

ఆ తర్వాత మా అమ్మ బజారంతా చెప్పుకుంది, మా అమ్మి ఇంటికి ముక్కు పెట్టిందని. ఒక ఇంజనీరు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నాడు. వేడి ఎలా పైకి పోతుందో, చల్లన కింద నుంచి ఎలా వస్తుందో ఆయనకే పాఠం చెప్పి పంపాను. రాయి సంగతి చెప్పలేదు.

ఇప్పటికీ వానాకాలంలో ఆ కన్నం కింద గిన్నె పెడతాం. ఆ ఇల్లు నా ఆలోచన. కుండలు నా బేరం. కొసరు నేను అడిగి తెచ్చుకున్నదే. ఇవన్నీ గర్వంగా నా పేరనే రాసుకుంటాను. ఆ రాయి తీసింది ఎవరో మాత్రం నాకు తెలియదు.