కొసరు గాలి

2003 వేసవి మొదట్లో నన్ను కాకినాడ నుంచి రాజమండ్రి వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. ఏడెనిమిది మంది దర్జాగా కూర్చునే పెద్ద బండ్లు అమ్మి, వాటికి సర్వీసు చేసే డీలర్‌షిప్పు మాది. షెడ్డులో మెకానిక్కులు, వాళ్ళ పైన సూపర్‌వైజర్లు, వాళ్ళ పైన నేను. నా పైన ప్రొప్రైటరు గారు, ఆయన పైన సీలింగు ఫ్యాను. బండి బాగైతే పేరు మెకానిక్కుకు పోతుంది, బాగవకపోతే తిట్లు మేనేజరుకు వస్తాయి. ఇందులో అన్యాయమేమీ లేదు. మేనేజరుకు ఎక్కువ జీతం ఇచ్చేదే అందుకు.

నేను చేరిన కొద్దిరోజులకే సుబ్బరాజు గారి బండి వచ్చింది. మండపేట దగ్గర కాలవ గట్టు మీద ఊరు ఆయనది. వరి, కొబ్బరి, ఒక రైసు మిల్లు ఉన్నాయి. తల్లి సీతాయమ్మ గారు గుళ్ళకూ బంధువుల ఇళ్ళకూ హాయిగా తిరగాలని ఆ సంవత్సరమే కొన్న తెల్లటి పెద్ద బండి అది. ఫిర్యాదు ఒక్కటే, బండి ఎగిరెగిరి పడుతోందని. "బండి కొన్నాననుకున్నానండి, గుర్రాన్ని అంటగట్టారు" అన్నారు ఆయన, నవ్వుతూనే. దాంతోపాటు డిక్కీలోంచి ఒక అరటిగెల దింపించి నా గది బయట పెట్టించారు. ఫిర్యాదుకూ గెలకూ సంబంధం లేదు. అది వ్యవహారం, ఇది మర్యాద.

చదివేవారి కోసం రెండు ముక్కలు చెబుతాను. చక్రానికీ బండి ఒంటికీ మధ్య స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్ప్రింగు గోతి కుదుపును మింగుతుంది. షాక్ ఆ స్ప్రింగు ఊగులాటను ఆపుతుంది. బుష్ ఇనుముకూ ఇనుముకూ తగాదా రాకుండా చూస్తుంది. మొత్తాన్ని కలిపి సస్పెన్షన్ అంటాం. మా పద్ధతి ప్రకారం షెడ్డులోకి వచ్చిన బండికి ముందు వాటర్ సర్వీసు, అక్కడే టైర్లలో గాలి సరిచేయడం, తరవాత ర్యాంపు ఎక్కించి పని, చివర రోడ్ టెస్టు. ఈ వరస కంపెనీ పుస్తకంలో ఉంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు.

వెనక షాక్‌లు మార్చాం. ధవళేశ్వరం రోడ్డు మీద రోడ్ టెస్టుకు సుబ్బరాజు గారినే పక్కన కూర్చోబెట్టుకున్నాను. బండి మెత్తగా పోయింది. ఆయన ఊయలలా ఉందని మెచ్చుకుని వెళ్ళారు. తరవాతి వారం అదే ఫిర్యాదుతో, ఇంకో గెలతో తిరిగొచ్చారు. ఈసారి బుష్‌లన్నీ మార్చాం. మళ్ళీ ఊయల, మళ్ళీ వారానికి గుర్రం. హైదరాబాదు నుంచి కంపెనీ ఇంజనీరును రప్పించాం. ఆయన కింద పడుకుని, పైన కూర్చుని, ధవళేశ్వరం దాకా వెళ్ళొచ్చి, వాహనం సక్రమంగా ఉందనీ లోపం కస్టమరు భావనలో ఉందనీ తేల్చి, మా దగ్గర పండిన గెలలోంచి అర డజను తిని రైలెక్కారు.

ఆ భావన సీతాయమ్మ గారి నడుములో ఉందని ఆయనకు తెలియదు. బండి మూడోసారి మా షెడ్డు నుంచి వెళ్ళాక ద్వారపూడి దగ్గర ఆవిడ డ్రైవరు చేత బండి ఆపించి, దిగి, వెనకే వస్తున్న ఆర్టీసీ బస్సు ఎక్కేశారు. బస్సు ముందు, ఖాళీ పెద్దబండి వెనక. ఆ ఊరేగింపును ఊరంతా చూసింది. మర్నాడు మిల్లు దగ్గర ఎవరో బస్సు ఎంతకు కొన్నారండీ అని సుబ్బరాజు గారిని అడిగారట.

ఆయన మా షోరూముకు వచ్చారు. ఈసారి గెల లేదు. దాంతో నాకు పరిస్థితి అర్థమైంది. "ఆషాఢంలో అమ్మగారిని పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతరకి తీసుకెళ్ళాలండి. బస్సులో తీసుకెళ్తే నేను ఊళ్ళో తలెత్తుకోలేను. ఈలోగా బండి బాగవ్వకపోతే దానికి ఎడ్లని కట్టి, డప్పులు పెట్టి, మీ షోరూము దాకా లాగించుకొస్తాను. మీరేం అనుకోకూడదు" అన్నారు. కాఫీ తాగి, కప్పు జాగ్రత్తగా పెట్టి వెళ్ళారు. మా ప్రొప్రైటరు గారు నన్ను పిలిచి, ఆ రోజు గనక వస్తే ఎడ్ల ముందు దారి చూపిస్తూ నడిచేది నేనేననీ, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోవచ్చుననీ చెప్పారు. నాకు అప్పటికి రిటైర్మెంటు చాలా దూరం. నిజంగానే భయం వేసింది.

షెడ్డులో బాగుండి ఊళ్ళో పాడయ్యే బండిని ఊళ్ళోనే చూడాలి. దానికి చెయ్యి పెట్టకుండా, బానెట్ కూడా ఎత్తకుండా, అది రోజూ తిరిగినట్టే తిరగనిచ్చి చూస్తానని సుబ్బరాజు గారికి కబురు పెట్టాను. పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి దర్శనానికి బయలుదేరేలా మాట అయింది. సీతాయమ్మ గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "ఆ కంపెనీ ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టండి. ఎగిరితే ఇద్దరం ఎగురుతాం" అన్నారట.

ఆవిడ లెక్కలో కంపెనీ ఆయన్ని నేనే. అలాగే కూర్చున్నాను. నా జేబులో గాలి కొలిచే గేజు ఉంది, బయటికి తియ్యలేదు. ముందు సీట్లో సుబ్బరాజు గారు, స్టీరింగు దగ్గర డ్రైవరు సత్యం. ఊరు దాటకముందే నా తల ఒకసారి పైకప్పును పలకరించింది. సీతాయమ్మ గారు పైన పట్టీ పట్టుకుని నా వైపు చూశారు. "ఎలా ఉందండి కంపెనీ బండి?" అన్నారు. బాగానే ఉందండి అనబోయి నాలుక కరుచుకున్నాను. నిజంగానే, గోతిలో.

ఊరి చివర కాలవ వంతెన దగ్గర పంచరు షాపు ఉంది. మన బండి కనబడగానే షాపు యజమాని వీరబాబు లేచి నిలబడ్డాడు. సత్యం బండి ఆపాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వీరబాబు గొట్టం లాక్కొచ్చి నాలుగు టైర్లకూ గాలి కొట్టాడు. ప్రతి టైరునూ కాలితో ఒకసారి తన్ని, మోగిన మోతకు తృప్తిపడి, మళ్ళీ కాస్త కొట్టాడు. అతని గేజు ముల్లు ఎప్పుడో ఊడిపోయింది. ఆ ఖాళీ గేజును షాపులో మేకుకు గౌరవంగా తగిలించాడు. సుబ్బరాజు గారు అద్దం దించి పిల్లల చదువులు అడిగారు. వీరబాబు పైసా తీసుకోలేదు. అతని కంప్రెసరుకు కరెంటు కనెక్షను ఇప్పించింది ఆయనేనని తరవాత తెలిసింది.

నాకు అప్పుడే వెలిగింది. కానీ దొంగ ఒక్కడేనా, ముఠా ఉందా అన్నది తేలాలి కదా. బిక్కవోలులో సత్యం టీ తాగడానికి ఆపాడు. టీ బడ్డీ పక్కనే ఇంకో గాలి షాపు. రాజుగారి బండి అని చెప్పుకుని ఆ షాపతను కూడా తనవంతు వేశాడు. సామర్లకోటలో మూడోవాడు. పిఠాపురం చేరేసరికి సీతాయమ్మ గారు పట్టీ వదిలేసి నా భుజం పట్టుకున్నారు, నేను ఆ పట్టీ పట్టుకున్నాను.

గుడి బయట గేజు తీసి పెట్టాను. ముప్ఫై దగ్గర ఉండాల్సిన ముల్లు యాభై దాటింది. టైరు కూడా ఒక స్ప్రింగే, రోడ్డు మీద మొదటి దెబ్బ తినేది అదే. గాలి మితంగా ఉంటే చిన్న రాయిని తనలోకి తీసుకుంటుంది. బిగిసిపోతే ఆ రాయిని టైరు స్ప్రింగుకూ, స్ప్రింగు సీటుకూ, సీటు సీతాయమ్మ గారి నడుముకూ భద్రంగా అప్పగిస్తాయి. షెడ్డుకు వచ్చినప్పుడల్లా వాటర్ సర్వీసు వాళ్ళు పద్ధతి ప్రకారం ఆ గాలి సరిచేసేవారు. దొంగసొత్తును మేమే కడిగేసి, తరవాత దొంగ కోసం ర్యాంపు కింద వెతికాం.

సుబ్బరాజు గారికి విషయం విడమరిచి చెప్పాను. ఆయనకు వెంటనే అర్థమైంది, వెంటనే చిక్కులో పడ్డారు. "మా ఇంటికొచ్చినవాడికి మారు వడ్డించకుండా పంపమండి. వాడు మా బండికి అదే చేస్తున్నాడు. వద్దని ఎలా అంటాం, నొచ్చుకోడూ?" అన్నారు. సీతాయమ్మ గారు మెట్ల మీద కూర్చుని నడుము పట్టుకుని, కొడుకును కాదు, నన్ను చూసి తలూపారు. మర్యాద సంగతి వచ్చేసరికి ఆవిడ నడుము కూడా కొడుకు పక్షానే ఉంది.

తిరుగు ప్రయాణానికి ముందు గాలి దింపాను. బండి ఊయలైంది. వంతెన దగ్గర దిగి వీరబాబుకు నచ్చజెప్పాను, ఇక గాలి కొట్టొద్దని. "ఆయ్, అలాగేనండి" అంటూనే గొట్టం అందుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "లెక్క ప్రకారం కొట్టేత్తే రాజుగారికీ దారినపోయే లారీకీ తేడా ఏంటండి? కాత్త కొసరు ఉండాలి కదండి" అన్నాడు. దానికి కంపెనీ పుస్తకంలో జవాబు లేదు.

అందుకని పుస్తకంలో లేని పని చేశాను. బండిని మర్నాడు రాజమండ్రి రప్పించి, మా షెడ్డు కంప్రెసరు గాలే పట్టించి, నాలుగు వాల్వు మూతలకూ ఎర్రరంగు వేయించాను. చక్రాల పైన రేకుకు స్టిక్కరు అంటించాను, 'కంపెనీ గాలి. బయటి గాలి కలపరాదు' అని. అబద్ధమేమీ కాదు, కంపెనీ కంప్రెసరులోంచి వచ్చిన గాలే. సుబ్బరాజు గారికి ఉపాయం చెబితే, ఇదేదో బావుందండి, ఎవరూ నొచ్చుకోరు అని చాలాసేపు నవ్వారు. వీరబాబు స్టిక్కరు చదివి, కలిస్తే ఏమవుద్దండి అని అడిగాడట. విరిగిపోద్దని సత్యం చెప్పాడు. పాలు విరగడం చూసినవాడు గనక ఇంకేమీ అడగలేదు. గొట్టం చుట్టేసి, తడిగుడ్డ తెచ్చి నాలుగు టైర్లూ తుడిచాడు. మర్యాదకు ఇంకో దారి దొరికింది. దారిలో మిగతా షాపులవాళ్ళకు ఆ కబురు అతనే చేరవేశాడు.

ఆషాఢంలో సీతాయమ్మ గారు జాతరకు బండిలోనే వెళ్ళారు. దారిలో నిద్రపోయారనీ, పెద్దాపురంలో లేపితే అప్పుడే వచ్చేశామా అని విసుక్కున్నారనీ సుబ్బరాజు గారు ఫోను చేసి చెప్పారు. ఎడ్లు పొలంలోనే ఉన్నాయని కూడా చెప్పారు. ఆ ఫోను పెట్టేశాక ప్రొప్రైటరు గారి గదిలోకి నేను మామూలుకంటే కాస్త నిదానంగా నడిచి వెళ్ళినట్టు గుర్తు.

తరవాతి సర్వీసుకు బండితో పాటు సీతాయమ్మ గారు కూడా వచ్చారు, గెలతో సహా. పని అయ్యాక మెకానిక్కు గాలి సరిచూసి గొట్టం తీసేస్తుంటే ఆవిడ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. "ఏంటండి, అంతేనా?" అన్నారు నాతో. సరిగ్గా ఉండాల్సినంత ఉందండి అన్నాను. "ఇంత దూరం వచ్చాం. కంపెనీ గాలి మా ఊళ్ళో దొరకదు కదండి. తలా కాస్త కొసరు వెయ్యమనండి" అన్నారు.

నేను మెకానిక్కు చేతిలోంచి గొట్టం తీసుకుని, పంచె ఎగ్గట్టినంత శ్రద్ధగా ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నాను. నాజిల్‌ను వాల్వు మీద కాస్త వంకరగా పెట్టాను. గాలి అంతా బయటికే, షెడ్డు దద్దరిల్లేంత మోతతో పోయింది. నాలుగు చక్రాలకూ అలాగే చేశాను. చివరి దానికి ఇంకాస్త అన్నారు, ఇంకాస్త మోత ఇచ్చాను. ఆవిడ టైరును చేత్తో తట్టి, "అదీ, ఇప్పుడు నిండుగా ఉంది" అని బండెక్కారు.

ఆ వ్యవహారం తరవాత మా షెడ్డులో రెండు నియమాలు పెట్టాను. కుదుపు ఫిర్యాదుతో వచ్చిన బండిని కడగకముందే, గాలి ముట్టకముందే, దాని సొంత మనుషులతో కలిసి ఎక్కాలి. కొసరు అడిగినవాళ్ళకు లేదనకూడదు, నాజిల్ వంకరగా పెట్టాలి. మొదటిది కంపెనీకి రాసి పంపాను. రెండోది నోటిమాటగానే అమలు చేశాం.