జమ్మి ఆకుతో తమ్ముడి వాకిట్లో

విదేశీయుడికి దసరా నేర్పిన మొనగాణ్ణి నేనేనని మా ఇబ్రహీంపట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి నేర్పింది మా ఆవిడ. నేను పక్కన కూర్చుని తలూపాను.

బొంగులూరు చుట్టూ వెంచర్లు లేస్తున్న రోజులవి. పొలం అమ్ముదామని నేను, వద్దని తమ్ముడు యాదగిరి మాటామాటా అనుకుని, ఏళ్ల తరబడి పలకరింపులు మానేశాం. అప్పుడే మా బడి పిల్లలకు ఆటలు నేర్పడానికి స్వచ్ఛందంగా వచ్చిన ఇటలీ కుర్రాడు మార్కో మా ఇంట్లో దిగాడు. దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమంటూ చేతిలో పెట్టి, పెద్దల కాళ్లు మొక్కి, గుండెకు హత్తుకుని అలయ్ బలయ్ తీసుకోవాలని మా ఆవిడ అతనికి చెప్పింది.

అతను వీధంతా పంచి, చివరికి నన్ను తమ్ముడి వాకిట్లోకి లాక్కెళ్లాడు. తమ్ముడిది నెరిసిన తల, నాది రంగేసిన తల. వాడే పెద్దవాడనుకుని మార్కో, "కాళ్లు మొక్కు బాపూ!" అని నా వీపు మీద చెయ్యేశాడు. చూస్తున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయినా, పండుగపూట పంతమెందుకని వంగాను.

"వద్దన్నా! నాకు పాపం తగుల్తది" అంటూ తమ్ముడు ఉరికొచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. మా మధ్య నలిగిన జమ్మి ఆకు ఆ రాత్రంతా నా చొక్కాకు అంటుకునే ఉంది.

మార్కో వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. దసరా వస్తే నా మొదటి జమ్మి ఇప్పటికీ తమ్ముడికే. మొన్న ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను.

"నువ్వెక్కడ వంగినవన్నా? మెట్టు మీద నీ కాలు జారింది. నేను పట్టుకోకుంటే పండ్లు రాలుతుండె" అన్నాడు.